చూసినవాళ్ల చిట్టా

ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. ఈ కథలో ఉన్నదంతా కళ్లారా చూసిందే. వాళ్లూ వీళ్లూ చెప్పగా విన్నది ఇందులో ఆవగింజంత కూడా లేదు. చూసిందే నిజం, విన్నదంతా గాలి అని నమ్మే మనిషి గురించి రాస్తూ, అందులో విన్నమాట కలిపితే ఆయన ఊరుకోడు.

ఆ మనిషిని అందరూ ఆపరేటరు అంటారు. సినిమా హాల్లో మిషను నడిపినవాడు. హాలు మూసేశారు, పడగొట్టారు, ఆ చోట సామాన్ల గోడౌను కట్టారు, పదేళ్లయింది, పేరు మాత్రం కూలలేదు. ఆయన బొమ్మ వేస్తే హీరో తెరమీంచి తొంగిచూసి, "అన్నా, నా మొహం సరిగ్గా పడుతోందా?" అని అడిగి మరీ ఫైటింగు మొదలుపెట్టేవాడట. అంతటి చెయ్యి.

సోమవారం పొద్దున్న ఆపరేటరు బల్ల దగ్గర కూర్చుని ఫోను తీశాడు. రెండు అంచులూ వేళ్ల మధ్య పట్టుకున్నాడు, మధ్యలో వేలు తగలకుండా. ఫిల్ము ముక్కని అలాగే పట్టుకోవాలి, లేకపోతే వేలిముద్ర తెరమీద ఏనుగంత కనపడుతుంది. ఫోనుకి ఆ బాధ లేదని కోడలు వందసార్లు చెప్పింది. చేతికి మాటలు అర్థం కావు.

ఫోనులో ఆయన చూసేది ఒకటే సైటు. పేరు 'చూసినవాళ్ల చిట్టా'. ఎవరు ఏ సినిమా చూశారో అందులో రాసుకుంటారు, పక్కన రెండు ముక్కలు అభిప్రాయం పెడతారు. దాన్ని నడిపేది కళ్లజోళ్ల కొట్టు యజమాని. పగలు కళ్లజోళ్లు అమ్ముతాడు, తీరికున్నప్పుడు చిట్టా చూసుకుంటాడు. కోడలే మామగారిని అందులో చేర్పించింది. అల్మరాలో ఆయనకి ఇరవయ్యొక్క పొడుగు నోటుబుక్కులున్నాయి. ఆడించిన ప్రతి సినిమా పేరూ తారీఖుతో సహా అందులో ఉంది. నాలుగు నెలలపాటు ఒక్క వేలితో కొట్టి అన్నీ ఎక్కించాడు. రెండువేల నాలుగువందల ఏడు. చిట్టాలో మొదటి పేరు ఆయనదే. రెండో పేరువాడు ఎక్కడో ఎనిమిదివందల దగ్గర రొప్పుతుండేవాడు.

మొదటివాడు కదా అని 'సలహాల మూల'లో ఆయన మాటకి బరువుండేది. నక్షత్రాల బదులు రీళ్లతో మార్కులు వెయ్యాలన్నాడు, పెట్టారు. ఏ హాల్లో చూశారో రాసే గడి కావాలన్నాడు, వచ్చింది. ఒకసారి ఓటుతో నెగ్గిన నియమాన్ని ముప్పై రోజులదాకా ఎవరూ కదపకూడదన్నాడు, "లేకపోతే పూటకో మాట అయిపోతుంది" అని. అదీ నెగ్గింది.

మూడు వారాల కిందట సూదిమొన వచ్చాడు.

అది సభ్యుడు పెట్టుకున్న పేరు. అసలు పేరు రాయక్కర్లేదు అక్కడ. మొదటిరోజు వంద సినిమాలు ఎక్కించాడు. మర్నాడు నూటపది. ఈ సోమవారం పొద్దున్నకి సూదిమొన లెక్క రెండువేల మూడువందల ఎనభై ఎనిమిది. ఇంక పంతొమ్మిది సినిమాలే తేడా.

"ఎవడీడు?" అన్నాడు ఆపరేటరు.

పక్కగదిలో కుట్టుమిషను నడుస్తోంది. ఆ చప్పుడు ఆయనకి వినపడదు. ముప్పై ఎనిమిదేళ్లు రెండు మిషన్ల మధ్య నిలబడ్డ చెవులవి. నేల అదురు మాత్రం అరికాళ్లకి తెలుస్తుంది. ఆ అదురు ఆగింది. ఆయన భార్య గుమ్మంలోకి వచ్చింది, నోట్లో రెండు గుండుసూదులతో.

"నన్నేనా?"

"నిన్ను కాదే. ఈ దొంగని. ఈడు రాసేవన్నీ మన హాల్లో ఆడినవే. అవీ మన హాల్లో ఆడిన వరసలోనే. నా బుక్కులు చూసి ఎవరో కాపీ కొడుతున్నారు."

ఆమె సూదులు తీసి చీరకొంగుకి గుచ్చుకుంది. "కాపీయేనని ఎలా చెప్తారు?"

"ఐదో బుక్కు నాలుగోదాని కింద ఉండాలి. పైన ఉంది. ఎవరు ముట్టుకున్నారు?"

"దుమ్ము దులిపాను."

"దులిపితే దులిపావు, వరస మార్చకు. దొంగ కాలిముద్ర చెరిగిపోతుంది."

"సరే" అని వెళ్లిపోయింది. నేల మళ్లీ అదిరింది.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఆయన వెతుకులాట ఆరోజే మొదలైంది. మొదటి అనుమానం గేటు మీద.

గేటు అంటే ఆ హాల్లో తలుపు దగ్గర టికెట్లు చింపినవాడు. నోటిదూల మనిషి. ఒకటి చూసి పది చెప్తాడు, ఆ ఒకటి కూడా చూసి ఉండడు. సాయంత్రాలు ఇద్దరూ గోడౌను ఎదురుగా ఉన్న సిమెంటు బెంచీ మీద కూర్చుంటారు. ఆ సాయంత్రం ఆపరేటరు బెంచీకి ఆ చివర కూర్చున్నాడు.

"ఏరా, ఒంట్లో బాలేదా? అంత దూరం కూర్చున్నావు" అన్నాడు గేటు.

"మా ఇంటికొస్తే ఎప్పుడూ ఆ అల్మరా పక్క కుర్చీలోనే కూర్చుంటావెందుకురా?"

"మిగతా కుర్చీలకి నాలుగు కాళ్లు లేవు కాబట్టి."

"సూది అంటే నీకేం గుర్తొస్తుంది?"

"డాక్టరు."

"మొన అంటే?"

"ఒరే, నువ్వు నన్ను పరీక్ష చేస్తున్నావా, చావగొడుతున్నావా?"

"నా బుక్కులు ఎవరో చూస్తున్నార్రా. చూసి, తనవని రాసుకుంటున్నారు."

గేటు కాసేపు గోడౌను వంక చూశాడు. లోపల ఎవరో అట్టపెట్టెలు ఈడుస్తున్నారు. "నేను జన్మలో చదివిందల్లా టికెట్టు మీద నంబర్లే. నీ కోడికాళ్ల రాత నేను చదివానంటే నాకు సన్మానం చెయ్యాలి. అయినా నీ బుక్కు చూసి రాస్తే మాత్రం ఏం పోయింది? నువ్వు చూసిన సినిమాలు తగ్గిపోతాయా?"

"మొదటి పేరు పోతుంది."

అది చెప్పేటప్పుడు ఆపరేటరు గొంతు మామూలుగానే ఉంది. చెయ్యి మాత్రం గాలిలో ఒక పిడి తిప్పింది, రీలు చుట్టే పిడి. గేటు అది చూశాడు, హాస్యం మానేశాడు. హాలు లేదు, మిషన్లు తుక్కుకి పోయాయి, ఆయన అనే పనివాడు ఈ లోకంలో ఉన్నాడనడానికి మిగిలిన జాగా ఆ చిట్టాలో పైన ఉన్న ఒక్క గీతే.

మంగళవారం ఆపరేటరు వల పన్నాడు. పాత ఫిల్ము ముక్క ఒకటి, చూపుడువేలంత, ఆరో బుక్కు మీద అడ్డంగా పెట్టి అల్మరా మూశాడు. మధ్యాహ్నం తెరిచి చూస్తే ముక్క అక్కడే ఉంది. సంతోషించబోయి ఆగాడు. వంగి వెలుతురుకి పట్టాడు. తను పెట్టినప్పుడు ఫిల్ములో మనిషి తల పైకుంది. ఇప్పుడు కిందకుంది.

గేటు ఆరోజు రాలేదు. కొడుకు పనిమీద వేరే ఊరు వెళ్లి వారం. మిగిలింది కోడలు. ఆమె వాకిట్లో చెప్పులు విప్పుతుండగానే పట్టుకున్నాడు.

"సూదిమొన ఎవరో నీకు తెలుసు."

కోడలు చెప్పు పట్టీ మీద వంగింది, అవసరమైనదానికన్నా ఎక్కువసేపు. "ఎవరైతే ఏం మామయ్యా? పోటీ ఉంటేనే కదా మజా."

"తెలుసా, తెలీదా?"

"తెలిసినా చెప్పకూడదు. సభ్యుల అసలు పేర్లు బయటపెట్టకూడదని నియమం. మీరు పెట్టిందే."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంది అనుకున్నాడాయన. భోజనం దగ్గర ఆమె కంచం వైపు కూడా అనుమానంగా చూశాడు. వంటింట్లో భార్య ఫోనులో ఎవరితోనో మాట్లాడుతోంది. చెల్లెలితో కాబోలు. ఈ మధ్య ఇద్దరికీ కబుర్లు ఎక్కువయ్యాయి. ఆమె పెదవులు ఆడుతున్నాయి, మాట ఇక్కడిదాకా రాదు.

మిగతా రోజంతా సూదిమొన రాసిన అభిప్రాయాలు వరసగా చదివాడు. ఒక్కోటీ ఆగి ఆగి, ఫిల్ములో గీత ఎక్కడ పడిందో వెతికినట్టు. కవలల సినిమా కింద ఇలా ఉంది: 'అన్న నవ్వు ముందు మొదలై తర్వాత ఆగుతుంది. తమ్ముడికి నవ్వేముందు ఊపిరి పీల్చుకోవడం అలవాటు. ఇద్దరూ ఒక్కడే అంటే నమ్మబుద్ధి కాదు.' లాయరు సినిమా కింద: 'వాన రాత్రి తలుపు గడియ రెండుసార్లు పడుతుంది. ఒకడు వేసి వెళ్లాడు, ఇంకొకడు మళ్లీ వేశాడు. హంతకుడెవరో అక్కడే చెప్పేశారు, కోర్టులో అంతసేపు కూర్చోవడం వృథా.'

"గడియ రెండుసార్లు పడటమేంటి, నా మొహం! ఆ సినిమా తొంభై రోజులాడించాను. అలాంటిదేం లేదు" అని బల్ల గుద్దాడు.

ఇంకో నలభై చదివి ఫోను బల్లమీద పెట్టాడు. ఫలానా చీర రంగు అని లేదు. ఒక మొహం లేదు, కొండ లేదు, కారు లేదు. ఎక్కడ చూసినా అడుగుల చప్పుడు, గొంతు జీర, గాజు పగలడం.

"ఈడు చూళ్లేదు! ఒక్క సినిమా కూడా చూళ్లేదీ వెధవ!"

వెంటనే కళ్లజోళ్ల కొట్టుకి ఫోను చేశాడు.

"కొత్త నియమం కావాలండీ. రాసుకోండి. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, కళ్లతో చూసిన సినిమానే చిట్టాలో రాసుకోవాలి. అలా చూడనివాటిని సభ్యుడే తీసేసుకోవాలి. తీసేయకపోతే సభ్యత్వం రద్దు."

"మొదటి నుంచి చివరి దాకా అంటే మరీ గట్టిగా ఉందేమో" అన్నాడు కొట్టాయన. "మధ్యలో ఫోనొచ్చి బయటికెళ్లినవాళ్లుంటారు. పిల్లాడు ఏడిస్తే లేచినవాళ్లుంటారు."

"లేస్తే చూసినట్టు కాదు."

"ఆలోచించే చెప్తున్నారా?"

"ఆలోచించడమేంటండీ, నేను ఆపరేటర్ని!"

బుధవారం ఓట్లు పడ్డాయి. చిట్టాలో అందరికీ తమకన్నా పైనున్నవాడి మీద అనుమానమే కాబట్టి నియమం సులువుగా నెగ్గింది. ఆ సాయంత్రం ఆపరేటరు బెంచీ మీద గేటు పక్కకి కాస్త జరిగాడు. పూర్తిగా కాదు.

గురువారం పదింటికి ఆపరేటరు ఫోను తీశాడు. రెండో పేరు లేదు. రెండువేల మూడువందల తొంభై ఒకటి ఉన్నచోట ఖాళీ. కింద సలహాల మూలలో సూదిమొన రాసిన ఆఖరి ముక్క ఉంది.

'కొత్త నియమం చదివాను. న్యాయమే. నేను ఒక్క సినిమా కూడా చూడలేదు. మా గదికీ తెరకీ మధ్య ఒకటే గోడ. రోజుకి నాలుగాటలు, ముప్పై ఎనిమిదేళ్లు, బట్టలు కుట్టుకుంటూ విన్నాను. పేర్లు గుర్తుచేసుకోవడానికి ఒకరి పుస్తకాలు తిరగేసిన మాట నిజం. కాపీ కొట్టలేదు, ఫోనుకి నోటితో చెప్పి రాయించాను. అన్నీ నేనే తీసేశాను.'

ఆయన రెండోసారి చదివాడు. మూడోసారి చదవబోతే అక్షరాలు ఫోకస్ తప్పాయి. కళ్లజోడు తీసి చొక్కాకి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. అప్పట్లో హాలు వాళ్లు తమకిచ్చిన గది అది. వెనక గోడకి ఆనించి కట్టింది. ఆ గోడకి అవతల తెర, తెర వెనక మనిషెత్తు స్పీకరు. అటుచివర, పైన, చిన్న కన్నంలోంచి తను. మధ్యలో ఎనిమిదివందల కుర్చీలు.

అరికాళ్ల కింద నేల అదరడం లేదు. లేచి పక్కగదిలోకి వెళ్లాడు. ఆమె మిషను ముందే కూర్చుని ఉంది. గుడ్డ సూది కింద ఉంది, చక్రం మీద చెయ్యి ఉంది, తిప్పడం లేదు.

"నువ్వా?" అన్నాడు.

"నేనే." ఆయనకి వినపడాలని కాస్త గట్టిగా అంది, అంతే. కోపం లేదు.

"నాతో చెప్పొచ్చు కదే."

"ఎవరీ దొంగ అని అడిగారు. దొంగని నేనే అని ఎలా చెప్తాను? నేను దొంగని కాదుగా."

ఆయన గుమ్మానికి ఆనుకున్నాడు. "ఇన్నేళ్లలో ఒక్కసారి హాల్లో కూర్చుంటానని అడక్కపోయావా?"

"అడిగాను. మొదటి ఏడే. 'ఇంట్లోకే ఊరికే వినపడుతోంది కదా, అమ్ముడుపోయే కుర్చీ పాడుచెయ్యడమెందుకు' అన్నారు."

"నేనా?"

"కాదు, పక్కింటాయన."

ఆయనకి గుర్తు లేదు. అనే ఉంటాడనిపించింది. ఆ మాట తీరు తనదే.

ఆమె గుడ్డని సూది కిందనించి లాగి దారం తెంపింది. "నేనొకటడుగుతాను, చెప్పండి. లాయరు సినిమాలో గడియ రెండోసారి పడేటప్పుడు మీరేం చేస్తున్నారు?"

"అది మూడో రీలు మధ్య... రెండోది చుడుతుంటాను."

"అందులో పాట వచ్చేటప్పుడు?"

"నాలుగోది ఎక్కిస్తుంటాను. మిషన్లో వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు అరిగిపోతాయి, వాటిని దగ్గరికి జరపాలి. లేకపోతే వెలుగు పచ్చబడుతుంది."

"మరి తెర ఎప్పుడు చూసేవారు?"

"రీలు మొదలయ్యేటప్పుడు, ఫోకస్ కోసం. అయిపోయేముందు. కుడిచేతి పైమూల చుక్క పడుతుంది, ఆ చుక్క పడగానే రెండో మిషను..." ఆయన ఆగాడు.

"చుక్కలు చూశారు" అంది ఆమె.

వెక్కిరింపు కాదది. కొలత తీసినవాళ్లు అంకె చెప్పినట్టు చెప్పింది. ఆయన అక్కడే, ఆమె బట్టలు కత్తిరించే బల్ల అంచున కూర్చున్నాడు. రెండువేల నాలుగువందల ఏడు సినిమాలు మనసులో తిరగేశాడు. మొదలు గుర్తుంది, తెగిన చోటు గుర్తుంది, అతికిన చోటు గుర్తుంది, ప్రతి చుక్కా గుర్తుంది. ఒక్క సినిమా, ఒకే ఒక్కటి, కూర్చుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చూసిన సాయంత్రం కోసం వెతికాడు. దొరకలేదు.

మధ్యాహ్నం కళ్లజోళ్ల కొట్టాయనకి ఫోను చేశాడు.

"నా చిట్టా తీసేస్తున్నానండీ."

"అయ్యో, ఏమైందండీ? మీరు మొదటివారు!"

"నియమం ప్రకారం నావి సున్నా."

"పోనీ నియమమే మార్చేద్దాం. ఎవరన్నా అడిగితే..."

"ముప్పై రోజులు కదపకూడదు."

"అది ఎవరు పెట్టారో గానీ..."

"నేనే" అన్నాడు ఆపరేటరు. తను తవ్విన గోతిలో నిలబడి లోతు కొలిచినంత నిదానంగా.

ఒక్కొక్కటే తీశాడు. అన్నీ ఒకేసారి చెరిపే మీట ఉందని కోడలు చెప్పింది, ఆయన దాన్ని ముట్టుకోలేదు. పేరు చదవడం, నొక్కడం, పోయిందని చూడడం. రెండు రోజులు పట్టింది. సూదిమొన రాసిన అభిప్రాయాలు మాత్రం సినిమాల కింద ఇంకా ఉన్నాయి. తీసేటప్పుడు వాటినీ ఒకటొకటే చదివాడు, ఈసారి తప్పులు వెతక్కుండా. రెండుచోట్ల నవ్వాడు. ఒకచోట ఫోను పక్కన పెట్టి, అల్మరా వైపు తిరిగి కూర్చున్నాడు.

చివరి సినిమా తీసేశాక సలహాల మూలకి వెళ్లి ఒక్క వేలితో కొట్టాడు: 'ముప్పై రోజుల తర్వాత ఓటుకి పెట్టవలసినది. చూసినవి అనే గడి పక్కన విన్నవి అని ఇంకో గడి ఉండాలి. ఆడించినవి అని మూడోది ఉండాలి. గోడకి అవతల ఉన్నవాళ్లు కూడా సభ్యులే. సూదిమొనని తిరిగి పిలవాలి, పిలిచేముందు కాపీ అన్న మాట వెనక్కి తీసుకోవాలి. ఆ మాట అన్నది నేను.'

శనివారం సాయంత్రం గేటు పక్కన, బెంచీ మీద అసలు ఖాళీ లేకుండా కూర్చున్నాడు. "అల్మరా పక్క కుర్చీ నీదేరా" అన్నాడు. గేటుకి అంతకన్నా పెద్ద క్షమాపణ ఆ జన్మలో దొరకదని తెలుసు. పుచ్చేసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం కోడలు టీవీలో లాయరు సినిమా పెట్టింది. పెట్టి, తనకి పనుందని బయటికి వెళ్లింది. కిటికీ తెరలు ఆపరేటరే వేశాడు, రెండుసార్లు సరిచేశాడు, ఒక మూలనుంచి వెలుగు వస్తోందని మళ్లీ లేచాడు. ఇద్దరూ రెండు కుర్చీల్లో కూర్చున్నారు. చాలాసేపు ఆమె కళ్లు మూసుకునే ఉంది.

"చూడవే."

"ఉండండి. అలవాటు కాలేదు." కళ్లు తెరిచింది. "ఈ లాయరింత పొట్టివాడా! గొంతు తాటిచెట్టంత ఉండేది."

ఆయన ఒక కంట తెర కుడిమూల చూస్తూనే ఉన్నాడు. ఆ మూల చుక్క లేదు, ఇప్పటి బొమ్మల్లో ఉండదు. అయినా ఇరవయ్యో నిమిషానికి, రీలు మారే వేళకి, ఒళ్లు లేచింది. ఆయన లేవలేదు, ఒళ్లే లేచింది. కుడిచెయ్యి గాలిలో పిడి వెతుక్కుంది.

ఆమె టీవీ మీంచి కళ్లు తిప్పకుండా ఆ చేతిని పట్టుకుని కిందికి లాగింది. "కూర్చోండి. రెండో మిషను లేదు."

కూర్చున్నాడు. కాసేపటికి తెరమీద వాన మొదలైంది. ఆయన టీవీ గొంతు పెంచి, స్పీకరు వైపు చెవి వంచాడు. ఆమె ముందుకి జరిగి, తలుపు వైపు చూస్తోంది.

గడియ పడింది.

ఆగి, మళ్లీ పడింది.

"విన్నారా?" అంది.

"చూశావా, రెండో చెయ్యి ఆడమనిషిది" అన్నాడు.

ఇంతే కథ. మొదట్లో ఒక ప్రగల్భం పలికాను, దాని సంగతి తేల్చాలి. ఇందులో చూసింది ఆ సిమెంటు బెంచీ ఒక్కటే. మిగతాదంతా, చిరిగిన చొక్కా జేబు కుట్టించుకోవడానికి వెళ్లినప్పుడు సూదిమొన చెప్తే విన్నదే. తలుపు దగ్గర టికెట్లు చింపుకున్నవాడికి లోపల బొమ్మ ఎప్పుడు కనపడింది కనక? నోటిదూల మనిషి అని రాసింది కూడా నా గురించే, కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. హీరో తొంగిచూడడం అబద్ధమని మీకే తెలుసు, దాన్ని లెక్కలో వెయ్యను. కల్పించింది ఒకటుంది. ఇరవయ్యో నిమిషానికి ఆయన లేచాడు, నిజం. ఆమె చెయ్యి పట్టుకోలేదు. ఆయన గోడదాకా వెళ్లి, అక్కడ మిషను లేదని చూసుకుని, తనే వచ్చి కూర్చున్నాడట. ఆ చెయ్యి నేను పట్టించాను. గది చీకటిగా ఉంది కదా, ఎవరు చూడొచ్చారు?